హస్తవాసి ఒక్కటే చాలదు: కొత్త డాక్టరును ఎలా ఎంచుకోవాలి?

ఉద్యోగం మారి కొత్త ఊరికి వెళ్లాం. లేదా ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ వైద్యం చేసిన డాక్టరుగారు పెద్దవయసు వచ్చి క్లినిక్ మూసేశారు. ఇంట్లో నాన్నకు బీపీ, అమ్మకు షుగరు, పిల్లలకు నెలకోసారి జలుబు. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? పక్కింటివారిని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే. “ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన హస్తవాసి మంచిది. మా వాడికి ఒక్క రోజులో తగ్గిపోయింది.”

ఈ సలహాలో మంచి మనసు ఉంది, సమాచారం తక్కువ. ఎందుకు తక్కువో, అంతకంటే నమ్మదగిన గుర్తులు ఏమిటో తెలిపే పరిశోధనలు గత యాభై ఏళ్లలో చాలా వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని మన దేశంలోనే జరిగాయి. వైద్యం చదవని మనం డాక్టరు నైపుణ్యాన్ని పూర్తిగా అంచనా వేయలేం. అయినా ఎక్కడ చూడాలో తెలిస్తే, రెండు మూడు సందర్శనల్లోనే చాలా విషయాలు తెలుసుకోవచ్చు.

హస్తవాసి వెనుక ఉన్న లెక్క

మామూలు జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. మందు వేసుకున్నా, వేసుకోకపోయినా చాలామందిలో వారం పది రోజుల్లో తగ్గుతుంది. ముక్కు కారిన మొదటి రోజే మనం డాక్టరు దగ్గరికి వెళ్లం. మిరియాల కషాయం తాగి చూస్తాం. మూడో రోజో నాలుగో రోజో తల దిమ్మెక్కి, ఒళ్లు నొప్పులు పెరిగి, ఇక తట్టుకోలేమనిపించినప్పుడు వెళతాం. జబ్బు బాగా ఎక్కువగా ఉన్న రోజు తర్వాత అది తగ్గుముఖం పట్టడం సహజం. ఆ రోజు ఏ మాత్ర ఇచ్చినా మర్నాటికి కొంత తేలికవుతుంది. పేరు మాత్రం ఆ మాత్రకూ, ఇచ్చిన చేతికీ దక్కుతుంది.

గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. హెచ్చుతగ్గులతో సాగే దేన్నయినా బాగా హెచ్చుగా ఉన్నప్పుడు కొలిస్తే, తర్వాతి కొలత చాలాసార్లు సగటుకు దగ్గరగా వస్తుంది. నడుము నొప్పి, మైగ్రేన్, మోకాళ్ల నొప్పి, అలర్జీ దద్దుర్లు ఇలా పెరిగి తగ్గేవే. కాబట్టి ఒకరికి ఒకసారి త్వరగా తగ్గిందన్న అనుభవం నిజమే అయినా, దాని నుంచి డాక్టరు గురించి పెద్దగా ఏమీ తెలియదు.

మనం నమ్మే మరికొన్ని గుర్తులదీ ఇదే పరిస్థితి. ఇంటర్నెట్‌లో కనిపించే చుక్కల రేటింగులనే తీసుకోండి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒక పెద్ద వైద్య కేంద్రానికి చెందిన 78 మంది స్పెషలిస్టుల ఆన్‌లైన్ రేటింగులను పరిశోధకులు వారి వైద్య నాణ్యత కొలమానాలతోనూ, తోటి డాక్టర్ల మదింపుతోనూ పోల్చారు. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో రేటింగులకూ అసలు పనితీరుకూ చెప్పుకోదగిన పొంతన కనిపించలేదు. అడిగిన మందు రాశారా, ఎంతసేపు కూర్చోబెట్టారు, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారు వంటివి రేటింగులో చేరతాయి. రోగ నిర్ధారణ సరిగ్గా జరిగిందో లేదో రేటింగు ఇచ్చేవారికి తెలిసే అవకాశం తక్కువ.

సంతృప్తి కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. అమెరికాలోనే 50 వేల మందికి పైగా పెద్దల వివరాలతో 2012లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, డాక్టర్ల పట్ల అందరికంటే ఎక్కువ సంతృప్తి చెప్పినవారు ఆసుపత్రిలో ఎక్కువగా చేరారు. మందులకు ఎక్కువ ఖర్చు చేశారు. వారిలో మరణాలు కూడా ఎక్కువగానే నమోదయ్యాయి. సంతృప్తే దీనికి కారణమని ఈ అధ్యయనం నిరూపించలేదు. అయితే రోగి మెచ్చిన వైద్యమూ, రోగికి మేలు చేసే వైద్యమూ ఎల్లప్పుడూ ఒకటి కావని అది గుర్తుచేసింది.

ఇక వయసు. తల నెరిసిన డాక్టరంటే మనకు సహజంగానే గురి. అమెరికా ఆసుపత్రుల్లో చేరిన 65 ఏళ్లు పైబడిన రోగుల వివరాలను పరిశీలించి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. 40 ఏళ్లలోపు డాక్టర్లు చూసినవారిలో 30 రోజుల్లోగా మరణించినవారు 10.8 శాతం. 60 దాటిన డాక్టర్లు చూసినవారిలో అది 12.1 శాతం. అయితే ఎక్కువ మంది రోగులను చూస్తున్న డాక్టర్లలో ఈ తేడా కనిపించలేదు. అంటే పని చేస్తూ, నేర్చుకుంటూ ఉన్నవారికి వయసు అడ్డు కాదు. ఏళ్లు గడిచినంత మాత్రాన మెరుగవుతారనే హామీ కూడా లేదు.

మొదటి మెట్టు: పేరు తర్వాత ఉన్న అక్షరాలు

ఎవరైనా ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చేయగల పరిశీలన ఒకటుంది. అది డాక్టరు రిజిస్ట్రేషన్.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత ఎండీ లేదా ఎంఎస్, డీఎన్‌బీ వంటివి స్పెషలిస్టు అర్హతలు. డీఎం, ఎంసీహెచ్ అంటే ఇంకా పై స్థాయి సూపర్ స్పెషాలిటీలు. ఆయుర్వేదానికి బీఏఎంఎస్, హోమియోపతికి బీహెచ్ఎంఎస్, యునానికి బీయూఎంఎస్ డిగ్రీలున్నాయి. ఈ పద్ధతులకు వేరే చట్టాలు, వేరే రిజిస్టర్లు ఉన్నాయి. ఎవరి దగ్గర ఏ వైద్యం తీసుకుంటున్నామో తెలిసి తీసుకోవడం ముఖ్యం.

అల్లోపతి డాక్టర్ల పేర్లు రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులోనూ, జాతీయ వైద్య కమిషన్ నిర్వహించే భారతీయ వైద్య రిజిస్టరులోనూ ఉంటాయి. కమిషన్ వెబ్‌సైటులో పేరుతో గానీ, రిజిస్ట్రేషన్ నంబరుతో గానీ వెతకవచ్చు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి. మందుల చీటీ, సర్టిఫికెట్, డబ్బు కట్టిన రసీదు మీద కూడా ఆ నంబరు ఉండాలి. 2023 ఆగస్టులో కమిషన్ కొత్త నియమావళి తెచ్చి, అదే నెలలో నిలిపివేసింది. దాంతో పాతదే మళ్లీ అమల్లోకి వచ్చింది. ఫోనులో, వీడియోలో సలహా ఇచ్చే డాక్టర్లు కూడా తమ వివరాలు చెప్పాలని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అంటున్నాయి.

తెలుగు ఊళ్లలో ఒక చిక్కు ఉంది. చట్టం భాషలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడు. మన వాడుకలో మాత్రం ఆ మాటకు అర్థం దాదాపు తిరగబడింది. డిగ్రీ లేకుండా సూది, సెలైన్, మాత్రలు ఇచ్చేవారినే ఆర్‌ఎంపీ డాక్టరు అంటున్నాం. అర్ధరాత్రి తలుపు తడితే పలికేది ఆయనే కాబట్టి ఆ గౌరవం దక్కింది. అయినా బోర్డు మీద ఆ మూడు అక్షరాలు కనిపిస్తే నంబరు కూడా ఉందా అని చూడటం అవసరం.

స్పెషలిస్టు అని రాసుకున్నప్పుడు ఆ విభాగంలో అర్హత ఉండాలని కూడా నియమావళి చెబుతుంది. డయాబెటిస్ స్పెషలిస్టు, గుండె నిపుణులు అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటే, పేరు తర్వాత ఏ డిగ్రీ ఉందో చదవండి. ఇంటికంతటికీ మొదటి డాక్టరుగా ఉండటానికి సూపర్ స్పెషలిస్టు అవసరం లేదు. మంచి ఎంబీబీఎస్ డాక్టరు, ఫ్యామిలీ మెడిసిన్ లేదా జనరల్ మెడిసిన్ చదివినవారు ఆ పనికి సరిపోతారు. చిన్నపిల్లలకు పిల్లల డాక్టరు ఉంటే మేలు.

డిగ్రీ ఉంటే చాలా?

ఆర్థికవేత్త జిష్ణు దాస్, ఆయన సహచరులు ఈ ప్రశ్నను ఒక తెలివైన పద్ధతిలో పరీక్షించారు. స్థానికులకు శిక్షణ ఇచ్చి, రోగుల్లా నటిస్తూ మధ్యప్రదేశ్ గ్రామాల్లోనూ, ఢిల్లీలోనూ వైద్యుల దగ్గరికి పంపారు. ఒకరు గుండెకు రక్తం సరిగా అందక వచ్చే ఛాతీ నొప్పిని వర్ణిస్తారు. ఇంకొకరు ఉబ్బసం లక్షణాలు చెబుతారు. మరొకరు ఇంట్లో ఉన్న బిడ్డకు రక్త విరేచనాలు అవుతున్నాయంటారు. జబ్బు ఏమిటో ముందే తెలుసు కాబట్టి, వైద్యుడు ఏం అడిగారు, ఏం పరీక్షించారు, ఏం రాశారు అన్నది కచ్చితంగా కొలవవచ్చు.

2012లో వెలువడిన ఆ ఫలితాలు కలవరపెట్టేవే. మధ్యప్రదేశ్ గ్రామాల్లో చూసిన వైద్యుల్లో 67 శాతం మందికి ఏ వైద్య అర్హతా లేదు. అంతకంటే ఆలోచించాల్సిన విషయం మరొకటి ఉంది. అడగాల్సిన ప్రశ్నలు అడగడంలో, చేయాల్సిన పరీక్షలు చేయడంలో శిక్షణ ఉన్నవారికీ లేనివారికీ తేడా స్వల్పంగానే కనిపించింది. సరైన నిర్ధారణ అరుదు. అనవసరమైన మందులు మామూలు.

అదే బృందం 2016లో ప్రచురించిన మరో అధ్యయనం కారణాన్ని కొంత విప్పి చూపింది. ప్రభుత్వ క్లినిక్‌లో పనిచేస్తూ సొంత ప్రాక్టీసు కూడా ఉన్న డాక్టర్లను రెండు చోట్లా పరీక్షించారు. ఒకే డాక్టరు, ఒకే జబ్బు. అయినా సొంత క్లినిక్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టారు, సరైన వైద్యం చేసే అవకాశం కూడా అక్కడే ఎక్కువగా ఉంది. ఢిల్లీలో క్షయ లక్షణాలతో ఇదే పద్ధతిలో చేసి 2015లో ప్రకటించిన అధ్యయనంలో 250 సందర్శనల్లో 52 సార్లు మాత్రమే సరైన చర్య తీసుకున్నారు. అంటే 21 శాతం.

డిగ్రీ లేనివారి దగ్గరికి వెళ్లినా ఒకటేనని దీని అర్థం కాదు. ప్రమాదకరమైన జబ్బును గుర్తించడానికి కావలసిన చదువు డిగ్రీతోనే వస్తుంది. కానీ తెలిసినదాన్ని ఆ రోజు, ఆ రోగి విషయంలో వాడుతున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు గోడకు వేలాడే పట్టాలో దొరకదు. పరీక్ష గదిలో జరిగేదాన్ని గమనించాలి.

గదిలో ఏం జరుగుతోంది?

బ్రిటన్‌లో 1975లో జరిగిన ఒక చిన్న పరిశోధన ఇప్పటికీ వైద్య విద్యార్థులకు పాఠం. ఆసుపత్రికి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల్లో 66 మందికి, వారు చెప్పింది విన్నంతనే డాక్టరు చేసిన నిర్ధారణ చివరి దాకా నిలిచింది. ఒంటిని పరీక్షించడం వల్ల నిర్ధారణ తేలింది ఏడుగురికి, ల్యాబు పరీక్షల వల్ల మరో ఏడుగురికి. ఆ తర్వాత స్కానింగులు, రక్త పరీక్షలు ఎంతో మెరుగుపడ్డాయి. అయినా ఏ పరీక్ష చేయించాలో తేల్చేది ఈనాటికీ రోగి చెప్పే కథే.

మరి ఆ కథ చెప్పనిస్తున్నారా? 1984లో అమెరికాలో 74 సందర్శనలను రికార్డు చేసి చూస్తే, రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డారు. అడ్డుపడకపోతే రోగులు గంటలు మాట్లాడతారేమో? స్విట్జర్లాండ్‌లో 2002లో అదీ చూశారు. డాక్టర్లు మౌనంగా వింటే రోగులు సగటున 92 సెకన్లలో తమ మాట ముగించారు. నూటికి 78 మందికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మన దేశంలో ఓపీ ముందు ఉండే వరస మనకు తెలిసిందే. 67 దేశాల సమాచారాన్ని పోల్చి 2017లో ప్రచురించిన సమీక్షలో డాక్టరు ఒక రోగికి ఇచ్చే సగటు సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. భారత్‌లో అది దాదాపు రెండు నిమిషాలు. కాబట్టి ఎక్కువసేపు మాట్లాడటం లేదని డాక్టరును తప్పుపట్టే ముందు, ఉన్న కొద్ది సమయాన్ని ఎలా వాడుతున్నారో గమనించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. “డాక్టరుగారూ, ఛాతీలో గ్యాస్ పట్టేసినట్టుంది” అని ఒక పెద్దాయన అన్నారనుకోండి. తెలుగువారిలో ఈ మాట అనని ఇల్లు ఉండదు. గ్యాస్ అనగానే యాసిడ్ తగ్గించే మాత్ర రాసి పంపేయడం సులువు. శ్రద్ధగల డాక్టరు ఆ మాటను దాటి అడుగుతారు. సరిగ్గా ఎక్కడ? నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వస్తోందా? ఆగితే తగ్గుతోందా? చెయ్యికో, దవడకో పాకుతోందా? చెమట పడుతోందా? బీపీ, షుగరు ఉన్నాయా? పొగతాగుతారా? ఈ ప్రశ్నలకు ఒకటిన్నర నిమిషం చాలు. గుండెకు సంబంధించిన నొప్పిని సమయానికి పట్టుకునేది అవే. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో గుండెపోటు నొప్పి సినిమాల్లో చూపినట్టు ఉండకపోవచ్చు. వికారం, ఆయాసం, పొట్ట పైభాగంలో బరువుగా కూడా రావచ్చు. మధ్యప్రదేశ్ అధ్యయనంలో ఛాతీ నొప్పి రోగిని పంపి చూసింది ఇలాంటి ప్రశ్నలు అడుగుతారా లేదా అనే. ఇక్కడ ఒక హెచ్చరిక. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఒక్కసారిగా వస్తే అది డాక్టరును ఎంచుకునే సమయం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మాట అర్థం కావడం కూడా వైద్యంలో భాగమే. నీరసం, దడ, తిమ్మిరి, మంట, కళ్లు తిరగడం అన్న మాటలను బెంగళూరులోనో, పుణెలోనో, విదేశంలోనో పెద్దవారు హిందీలోకో ఇంగ్లిషులోకో మార్చి చెప్పలేరు. వీలుంటే వారి భాష తెలిసిన డాక్టరును వెతకండి. లేకపోతే తోడుగా వెళ్లినవారు వారి మాటను ఉన్నదున్నట్టు చెప్పాలి. మన అభిప్రాయం కలపకూడదు.

మొదటి రెండు మూడు సందర్శనల్లో గమనించదగినవి:

• ఇప్పటికే వాడుతున్న మందులు, పడని మందులు, పాత జబ్బులు అడిగారా? ఆడవారినైతే గర్భం ఉందేమో అడిగారా?

• అవసరమైన చోట చెయ్యి వేసి పరీక్షించారా? బీపీని కూర్చోబెట్టి, కాసేపు కుదుటపడ్డాక కొలిచారా? బీపీ చాలా ఎక్కువగా ఉంటే తప్ప, ఒక్క కొలతతో జీవితకాలపు మందు మొదలుపెట్టకుండా మరో రోజు మళ్లీ చూస్తామన్నారా?

• జబ్బు ఏమై ఉండవచ్చో మామూలు మాటల్లో చెప్పారా?

• ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్నది చెప్పారా?

• తన పరిధి దాటిన విషయమైతే “ఇది ఫలానా స్పెషలిస్టు చూడాలి” అన్నారా? తెలియనిది తెలియదని చెప్పడం నైపుణ్యానికి మంచి గుర్తు.

• మీరు మాట్లాడుతుండగా ఇంకో రోగిని లోపలికి పిలిచారా? మీ సంగతి పదిమంది ముందు చెప్పాల్సి వచ్చిందా?

మందుల చీటీ చెప్పే సంగతులు

బయటికి వచ్చాక చేతిలో ఉండే కాగితం కూడా ఒక సాక్ష్యమే. నియమావళి ప్రకారం మందులను జెనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇది డబ్బు ఆదా కోసమే కాదు. రెండు వేర్వేరు బ్రాండు పేర్లతో ఉన్న జ్వరం మాత్రల్లోనూ పారాసిటమాలే ఉండవచ్చు. ఆ సంగతి తెలియక రెండూ వేసుకుంటే మోతాదు పెరిగి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

తర్వాత యాంటీబయాటిక్. ఇవి బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్‌ల మీద పనిచేయవు. మామూలు జలుబుకు ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసే డాక్టరు మీకు త్వరగా నయం చేయడం లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి మాత్రం దారి వేస్తున్నారు. డాక్టరు చీటీ లేకుండా ఇవి వాడకూడదని గుర్తుచేయడానికే పట్టీ వెనుక ఎర్ర గీత ఉంటుంది. ఆ గీతను ప్రజలకు పరిచయం చేసే ప్రచారాన్ని కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టింది. “ఇప్పుడు యాంటీబయాటిక్ వద్దు, మూడు రోజులు చూసి తగ్గకపోతే రండి” అన్న డాక్టరును వదులుకోకండి.

సెలైన్ సంగతీ అంతే. నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టండి అని మనమే అడుగుతాం. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేది నీరు, 4.5 గ్రాముల ఉప్పు. అందులో శక్తినిచ్చే పదార్థం ఏమీ లేదు. వాంతులు ఆగక నోటితో ఏమీ తాగలేని రోగికి, షాక్‌లో ఉన్నవారికి అది ప్రాణాధారం. అన్నం తినగలిగే మనిషికి అవసరం లేదు. అడిగిన సూది వేయని డాక్టరుకు పనిరాదని పేరు పెడితే, మిగతా డాక్టర్లు వేయడం మొదలుపెడతారు. అంటే చెడు వైద్యంలో కొంత వాటా రోగులుగా మనదీ.

పరీక్షలు రాసినప్పుడు మొహమాటపడకుండా అడగదగిన ప్రశ్నలు కొన్నున్నాయి. అమెరికాలో 2012లో మొదలై చాలా దేశాలకు పాకిన చూజింగ్ వైజ్లీ అనే ఉద్యమం వీటిని ప్రచారం చేసింది. ఈ పరీక్ష నాకు నిజంగా అవసరమా? దీనివల్ల ఇబ్బందులేమైనా ఉన్నాయా? ఇంతకంటే తేలికైన మార్గం ఉందా? చేయించకపోతే ఏమవుతుంది? ఎంత ఖర్చవుతుంది? “డాక్టరుగారూ, దీనివల్ల వైద్యం ఎలా మారుతుందండీ?” అని మర్యాదగా అడిగితే మంచి డాక్టరు చిరాకుపడరు. ఒకే ల్యాబులో, ఒకే మెడికల్ షాపులో మాత్రమే తీసుకోవాలని పట్టుబడితే జాగ్రత్త పడాలి. రోగిని పంపినందుకు కమిషన్ తీసుకోవడం, ఇవ్వడం రెండూ నియమావళి నిషేధించిన పనులే. ఫీజు ఎంతో ముందే చెప్పాలని, రికార్డులను కనీసం మూడేళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కూడా అదే నియమావళి చెబుతోంది.

ఆపరేషన్ అయితే

ఇంటి డాక్టరును ఎంచుకోవడం వేరు, సర్జన్‌ను ఎంచుకోవడం వేరు. క్లిష్టమైన శస్త్రచికిత్సల్లో ఒకే రకం ఆపరేషన్‌ను తరచూ చేసే సర్జన్ల దగ్గర ఫలితాలు మెరుగ్గా ఉంటున్నాయని ఎన్నో అధ్యయనాలు చూపాయి. అందుకే “ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు? సమస్యలు వస్తే ఐసీయూ ఇక్కడే ఉందా? మత్తు ఎవరిస్తారు?” అని అడగాలి. అత్యవసరం కాని ఆపరేషన్‌కు రెండో అభిప్రాయం తీసుకోవడం అవమానించడం కాదు. రిపోర్టులు తీసుకుని మరో డాక్టరుకు చూపిస్తానంటే మంచి సర్జన్ వద్దనరు.

మన వైపు నుంచి చేయాల్సింది

డాక్టరుకు రెండు నిమిషాలే ఉన్నప్పుడు మన తయారీ విలువైనది. మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల పట్టీలన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. ఆయుర్వేద గుళికలు, విటమిన్లు, పక్కింటివారు ఇచ్చిన మాత్రలు కూడా అందులో ఉండాలి. పాత రిపోర్టులను తేదీల వరసలో పెట్టండి. ముఖ్యమైన మూడు ఇబ్బందులు ఒక కాగితం మీద రాసుకోండి. అసలు సంగతిని లేచి బయటికి వచ్చేటప్పుడు చెప్పే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని మొదటే చెప్పండి. మందు మధ్యలో మానేసి ఉంటే దాచకండి. చివర్లో, మీకు అర్థమైనది మీ మాటల్లో డాక్టరుకు తిరిగి చెప్పండి. పొరపాటు ఉంటే అక్కడే బయటపడుతుంది.

దొరికాక నిలబడటం

మంచి డాక్టరు దొరికాక ఏం చేయాలి? ఆ డాక్టరు దగ్గరే కొనసాగాలి. ఈ మాట చాదస్తంలా అనిపించవచ్చు గానీ దీనికున్న ఆధారాలు బలమైనవే.

నార్వేలో ప్రతి పౌరుడికీ ఒక ఇంటి డాక్టరు పేరు నమోదై ఉంటుంది. 45 లక్షల మందికి పైగా ప్రజల వివరాలతో అక్కడ జరిగిన అధ్యయనం 2022లో అచ్చయింది. ఏడాదిగా ఒక డాక్టరు దగ్గర ఉన్నవారితో పోలిస్తే, 15 ఏళ్లకు పైగా ఒకే డాక్టరు దగ్గర ఉన్నవారిలో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరే అవకాశం 28 శాతం, మరణించే అవకాశం 25 శాతం తక్కువగా కనిపించింది. అంతకుముందు 2018లో తొమ్మిది దేశాలకు చెందిన 22 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో 18 అధ్యయనాలు ఇదే దిశలో ఉన్నాయి. ఇవి గమనించి చేసిన అధ్యయనాలు. కాబట్టి ఒకే డాక్టరు దగ్గర ఉండటమే కారణమని పూర్తిగా రుజువైనట్టు కాదు. ఆరోగ్యంగా, స్థిరంగా ఉన్నవారే డాక్టరును మార్చకుండా ఉండి ఉండవచ్చు. అయినా ఇంతమందిలో, ఇన్ని దేశాల్లో ఒకే ధోరణి కనిపించడం తేలిగ్గా తీసుకోదగినది కాదు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మన మామూలు స్థితి తెలిసిన డాక్టరుకు మార్పు త్వరగా కనిపిస్తుంది. “మీరు ఎప్పుడూ ఇంత నీరసంగా ఉండరే” అనగలిగేది ఏళ్ల తరబడి చూస్తున్నవారే. ఏ మందు పడదో, ఇంట్లో ఎవరికి గుండె జబ్బు ఉందో ప్రతిసారీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. నమ్మకం కుదిరితే పొగ, మద్యం, మనసులోని బెంగ గురించి కూడా నోరు విప్పుతాం. రెండు నిమిషాల ఓపీలు ఉన్న దేశంలో ఈ పరిచయం విలువ ఇంకా ఎక్కువ. పదిసార్లు ఒకే డాక్టరును కలిస్తే, ఆ రెండేసి నిమిషాలు కలిసి ఇరవై అవుతాయి. పది మంది దగ్గర తిరిగితే ప్రతిసారీ రెండే.

డాక్టరును మార్చాల్సిన సందర్భాలూ ఉంటాయి. ప్రశ్న అడిగితే కసురుకోవడం, పరీక్షించకుండానే ప్రతిసారీ అదే మందుల వరస రాయడం, తగ్గకపోయినా పునరాలోచించకపోవడం, రిజిస్ట్రేషన్ వివరాలు దాచడం, రికార్డులు ఇవ్వనని అనడం అలాంటివి. జలుబు రెండు రోజుల్లో తగ్గలేదన్నది మాత్రం అందుకు కారణం కాదు.

చివరగా, ఈ పనికి సరైన సమయం ఆరోగ్యంగా ఉన్నప్పుడే. జ్వరంతో ఒళ్లు కాలుతున్నప్పుడు దగ్గర్లో ఏ బోర్డు కనిపిస్తే అక్కడికే వెళతాం. కొత్త ఊరికి చేరి గ్యాస్ కనెక్షన్, పిల్లల బడి చూసుకునే వారంలోనే ఇంటికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో సహా రెండు మూడు చోట్ల వాకబు చేయండి. రిజిస్టరులో పేరు చూడండి. బీపీ చూపించుకునే చిన్న పనితో ఒకసారి వెళ్లి రండి. ఆ డాక్టరు ఏం అడిగారో, ఎలా విన్నారో, ఏం రాశారో ఇంటికి వచ్చి ఒక కాగితం మీద రాసుకోండి. రేపు నాన్న “ఛాతీలో గ్యాస్ పట్టేసింది” అంటే, దాని గురించి నాలుగు ప్రశ్నలు అడిగే డాక్టరు ఎవరో అప్పటికే మీకు తెలిసి ఉంటుంది.